కాజా, బొత్తాం, మా ఎనిమిదేళ్ల దొర

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఆలస్యానికి తిట్టుకో, పడతాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో చల్లని కుర్చీ వదిలేసి ‘పిచ్చిపిల్లల బడి’లో చేరానని మీ నాన్నగారు ఇంకా అంటున్నారా? ఆ మాట మాత్రం మానమని చెప్పరా. ఇప్పుడు మీ చెల్లెలూ ఇదే దారి అంటోందంటే మీ ఇంట్లో రోజూ పండగే!

నేనేమీ ఆశయాలతో రాలేదు. అక్క కొడుకును సికింద్రాబాద్ బోయినపల్లిలో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థకు తిప్పేవాడిని. 1984 నాటిది. పేరు మారినా పాతవాళ్లకు అది ఎన్‌ఐఎంహెచ్చే. ఆ వరండాలో కూర్చుని చూసీ చూసీ, చివరికి నేనే ప్రత్యేక విద్యలో రెండేళ్ల డిప్లొమాకు దరఖాస్తు పెట్టాను.

మా దగ్గర ఎనిమిదేళ్ల దొర ఒకడున్నాడు. వాడికి చొక్కా బొత్తాం పెట్టుకోవడం నేర్పాలి. మనకు ఒక్క పని, వాడికి అయిదారు. అందుకే చివరి నుంచి మొదలుపెడతాం. బొత్తాన్ని కాజాలోకి సగం నేను దూర్చి ఆపుతాను, వాడు అవతలి నుంచి లాగుతాడు, అంతే. అది వచ్చాక ఒక మెట్టు వెనక్కి వెళ్తాం. ఆ లాగడానికే మూడు వారాలు పట్టింది! మధ్యలో నా చెయ్యి రెండుసార్లు కొరికాడు. మాటలు రానివాడు కొరికాడంటే ఏదో చెప్పబోయాడని అర్థం. ఇది నా బుర్రకెక్కడానికి ఏడాది పట్టిందిలే.

చెల్లెలు డిగ్రీ చేసింది కాబట్టి ప్రత్యేక విద్యలో బీఎడ్ చూడమను. ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చేది భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ). కాలేజీకి ఆ గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. చదివాక ఆ మండలిలో తన పేరు నమోదు కాకపోతే చదువంతా వృథా. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. ఆటిజం చేరింది అప్పుడే. కాబట్టి పనికి కొదవ లేదు. జీతం సంగతి అడగకు, నా చెప్పులు చూస్తే తెలుస్తుంది.

నిన్న మా దొర తనంతట తానే చొక్కా వేసుకొచ్చాడు. బొత్తాలన్నీ ఒక్కో కాజా పక్కకు జరిగి, ఒక అంచు మోకాలి వైపు వేలాడుతోంది. సరిచేయబోతే వాళ్లమ్మ చెయ్యి తోసేశాడట. సాయంత్రం దాకా అలాగే తిరిగాడు.

చెల్లెల్ని ఒక వారం పంపు. ఊరికే మూల కూర్చుని చూడమను. పాత చీరలు, చుడీదార్లు తెచ్చుకోమను, మంచివి వద్దు.

నీ
రఘు