కాలనీ పార్కుల్లో పచ్చిక ఎందుకు ఎండిపోతోంది?

సంపాదకులకు,

అయ్యా,

ఎండలు ముదరగానే పట్టణాల్లోని కాలనీ పార్కుల్లో పచ్చిక పసుపుబారి, అక్కడక్కడా మట్టి తేలడం ఏటా చూస్తున్నదే. నీళ్లు చాలకనే ఇలా జరుగుతోందని చాలామంది అనుకుంటారు గానీ, మా పార్కులో రోజూ సాయంత్రం గొట్టంతో నీళ్లు చల్లుతున్నా ఇదే పరిస్థితి. మొన్న ఒకచోట జానెడు లోతు తవ్వి చూశాను. పైన అంగుళం మేర తడి ఉంది. దాని కింద మట్టి పొడిపొడిగా రాలింది. గరిక వేళ్లన్నీ ఆ పై అంగుళంలోనే అల్లుకుని ఉన్నాయి.

గరిక ఎండను కోరే గడ్డి. 27 నుంచి 35 డిగ్రీల వేడిలో అది చురుగ్గా పెరుగుతుంది. పొలంగట్ల మీద ఎవరూ పట్టించుకోకపోయినా బతికే ఈ గడ్డి పార్కులో చచ్చిపోతోందంటే, మనం పెంచే తీరులోనే లోపం ఉందనుకోవాలి. రోజూ పైపైన చల్లే బదులు నాలుగైదు రోజులకొకసారి, తెల్లవారుజామున, అరడుగు లోతు నానేలా నీరు పెడితే వేళ్లు తేమను వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. ఇసుక కలిసిన ఎర్రనేలల్లో ఈ వ్యవధిని కొంత తగ్గించుకోవాలి.

నీటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది కోత. మళ్లీ తొందరగా రావలసిన పని ఉండకూడదని గడ్డిని నేలకంటా గీకేస్తున్నారు. ఆకంతా పోయి తెల్లని కాడలు మాత్రమే మిగిలిన పచ్చిక మే నెల ఎండకు ఎలా తట్టుకుంటుంది? ఒక్క కోతలో మూడోవంతుకు మించి తీయకూడదు. వేసవిలో రెండంగుళాల ఎత్తయినా వదలాలి. బ్లేడుకు పదును లేకపోతే ఆకుల కొసలు నలిగి చీలి, ఒకటి రెండు రోజుల్లోనే తెల్లబారతాయి.

కానుగ చెట్ల నీడలో మళ్లీ మళ్లీ గడ్డి చుట్టలు కొని పరచడం ప్రజాధనాన్ని వృథా చేయడమే. రోజుకు ఆరు గంటలైనా ఎండ పడనిచోట గరిక నిలవదు కనుక, అక్కడ నీడను ఓర్చే మొక్కలు పెట్టడం మేలు. తుంగను పైపైన పీకితే మళ్లీ మొలుస్తుంది. గడ్డలతో సహా తవ్వి తీయాలి.

ఎరువు తొలకరి తర్వాత వేస్తే చాలు. నూరు చదరపు మీటర్లకు కిలో యూరియా మించకుండా చల్లి, వెంటనే తడిపితే ఆకు మాడదు. డిసెంబరు, జనవరి చలికి గరిక కాస్త గోధుమరంగుకు తిరగడం సహజం. అప్పుడు కంగారుపడి ఎరువు కుమ్మరించనక్కరలేదు.

పార్కుల నిర్వహణ కాంట్రాక్టుల్లో నెలకు ఎన్ని కోతలో రాయడంతో పాటు, ఎంత ఎత్తున కోయాలో కూడా వచ్చే వేసవిలోపు చేర్చాలని పురపాలక అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ