మూడు వేళ్లు పోతే 20,000, ఒక వేలిముద్ర

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు, కల్లూరు చుట్టుపక్కల పిండి మిల్లులకు, కారం మిల్లులకు, బేకరీలకు 20 ఏళ్లుగా మిషన్లు రిపేరు చేస్తున్న ఫిట్టర్‌ని. కిందటి ఏడాది దసరాకు ముందు చూసింది మనసులోంచి పోక ఇది రాస్తున్నాను.

"పిండి రోలరు జామ్ అయింది, వెంటనే రా అన్నా" అని ఒక రస్కుల బట్టీ నుంచి ఫోన్ వచ్చింది. పోయి చూస్తే రోలర్ల మధ్య గుడ్డ ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ పిండి ఎర్రబారి ఉంది. అక్కడ పనిచేసే ఒక చెల్లెలు అంటుకున్న పిండిని మిషన్ ఆపకుండానే తుడుస్తుంటే గుడ్డతో పాటు చెయ్యి కూడా లోపలికి పోయిందట. ఆమెకు 30 ఏళ్లు. కుడిచేతి మూడు వేళ్లు ఆస్పత్రిలో మొదలంటా తీసేశారు. రెండు రోలర్లూ లోపలికి తిరిగే చోట వేలు పడితే ఎంత బలమున్నా వెనక్కి లాగలేం. ఆపే స్విచ్ ఎదుటి గోడకు, మైదా మూటల వెనక ఉంది. చెయ్యి లోపలికి పోకుండా రోలరు ముందు ఉండాల్సిన ఇనుప అడ్డు (గార్డు) ఆ మూటల కిందే దొరికింది. నాలుగంటే నాలుగు బోల్టులు. బిగించడానికి పావుగంట పట్టింది.

గార్డు ఉంటే పని సాగదని విప్పించేస్తారు. ఓనర్లు చెబితే నేనూ కొన్ని చోట్ల విప్పాను. ఆ రోజు నుంచి మానేశాను.

ఆస్పత్రి బిల్లు ఓనరే కట్టాడు. తర్వాత 20,000 చేతిలో పెట్టి, ఇక ఏమీ అడగనని రాసిన కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. "నువ్వే చూసుకోకుండా చెయ్యి పెట్టావు" అన్నారట. ఆ చెల్లెలు నిజమేనేమో అనుకుని ఊరుకుంది.

అక్కడ పనిచేసేది ఎనిమిది మంది. పది మంది కూడా లేరు కాబట్టి ఈఎస్‌ఐ బీమా లేదు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరూ మామూలుగా రాడు. కానీ నష్టపరిహారం హక్కు ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టంలో వచ్చిన ఆ హక్కు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. తాగి ఉంటేనో, భద్రత కోసం చెప్పిన మాటను కావాలని కాదంటేనో, కావాలని గార్డు తీస్తేనో తప్ప, అజాగ్రత్త అనే మాటతో పరిహారం ఎగ్గొట్టడానికి లేదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు చట్టం చివర ఉన్న పట్టిక (షెడ్యూల్)లోనే ఉంది. ఆమె నెల జీతం 12,000. అందులో 60 శాతం, అంటే 7,200ను 30 ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన లెక్క 207.98తో గుణించి, అందులో 30 శాతం తీస్తే సుమారు 4,49,000 వస్తుంది. నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా. ఆమెకు ముట్టింది 20,000.

పది మంది లేని బట్టీలు, మిల్లులు మన జిల్లాలో వీధికొకటి ఉన్నాయి. తిండి తయారుచేసే చోటు కాబట్టి శుభ్రత చూసి లైసెన్సు ఇస్తున్నారు. ఆ శుభ్రత చూసేటప్పుడే గార్డు బిగించి ఉందా, ఆపే స్విచ్ చేతికి అందే దూరంలో ఉందా అని కూడా చూడాలని అధికారులను వేడుకుంటున్నాను. పరిహారం వివరాలు, కార్మిక శాఖ ఆఫీసు ఫోన్ నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి మిషన్ పక్కనా రాయించాలి. చదువురాని వాళ్లకు చదివి చెప్పే పని మా ఫిట్టర్లం చేస్తాం.

1923 చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు అర్జీ పెట్టుకోవాలి. ఆమెకు ఇంకా టైముంది. వచ్చే సోమవారం కార్మిక శాఖ ఆఫీసుకు ఆమె వెంట నేనూ పోతున్నాను. ఆ గార్డు ఎక్కడ దొరికిందో నేను చెబుతాను.

ఇట్లు,
ఒక మిషన్ ఫిట్టర్, కల్లూరు, కర్నూలు
(పేరు ప్రచురించవద్దని మనవి)