ఈ ఏడాది మన సహవాసం: సభ్యులకు వార్షిక నివేదిక

సహోదరులకు, సహోదరీలకు ప్రభువు నామంలో వందనాలు.

ఏటా ఈ నివేదికలో జరిపిన కార్యక్రమాలు వరుసగా రాస్తూ వస్తున్నాం. ఈసారి ముందు ఒక పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఈ ఏడాది వచ్చిన మార్పులు చాలావరకు అక్కడే మొదలయ్యాయి. ఆటిజం ఉన్న బాబుతో క్రమం తప్పకుండా ఆరాధనకు వచ్చే ఒక కుటుంబం రావడం మానేసింది, వాళ్లు కనిపించడం లేదన్న సంగతి కమిటీలో ఉన్న మాకెవరికీ వారాల తరబడి తట్టనే లేదు. చివరికి ఇంటికి వెళ్తే ఆ తల్లి కోప్పడలేదు. బాబు అరిచినప్పుడల్లా అందరూ వెనక్కి తిరిగి చూసేవారు గానీ ఒక్కరూ వచ్చి పక్కన కూర్చోలేదు అని మాత్రం అన్నారు. (వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాం.) గుమ్మం దగ్గర ఎదురెళ్లి పలకరించడంలో మనం ఎప్పుడూ వెనకబడలేదు, లోపలికి వచ్చాక వాళ్లకు మనలో ఎవరున్నారన్నదే చూసుకోలేదు. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి యేసుతో చెప్పుకున్న బాధ కూడా ఇదే, నీళ్లలో దించడానికి తనకు ఎవరూ లేరని. చుట్టూ అంతమంది జనం ఉండగా!

ఆ తర్వాత కమిటీ సమావేశంలో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదువుకున్నాం. యెరూషలేములోని తొలి సంఘంలో రోజువారీ వడ్డనలో తమ విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదు విశ్వాసులు సణిగినప్పుడు, ఆ పని చూడటానికి ఏడుగురిని ఎన్నుకున్నారు కదా, స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలాసు దాకా ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, నీకొలాసు అయితే అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. ఫిర్యాదు చేసినవాళ్లను ఓదార్చి ఇంటికి పంపేయలేదు, వాళ్ల వైపువాళ్ల చేతికే బాధ్యత ఇచ్చారు. మాకు ఇది కొత్తగా తగిలింది, ఎందుకంటే మనం ఇన్నేళ్లూ ఎవరికోసమైతే పనులు చేస్తున్నామో వాళ్లను ఒక్క నిర్ణయంలోనూ కూర్చోబెట్టలేదు.

అందుకే ఇప్పుడు ఆ తల్లి కమిటీలో ఉన్నారు. మైకు సౌండు తగ్గించడం, పక్క గదిని పిల్లలు కాసేపు ప్రశాంతంగా ఉండేలా మార్చడం, వంతులవారీగా ఒక కుటుంబం వాళ్లతో కూర్చోవడం, అన్నీ ఆమె చెప్పినవే. వీల్‌చైర్‌లో వచ్చే ఒక సహోదరుడు ఇంకో సంగతి చూపించారు: ర్యాంపు గుమ్మం దాకానే ఉంది, వేదిక మీదికి లేదు. అంటే ఆయన వచ్చి వినాలనుకున్నాం, ఆయన మాట్లాడతారని అనుకోలేదు. ఇది మాకు చాలా బాధ కలిగించింది. ఆ ర్యాంపు కట్టించాం, ఆయన సాక్ష్యం విన్నాం. వినికిడి లేని సభ్యులు ఇప్పుడు వాక్యాన్ని సైగల భాషలో చదువుతున్నారు, వినగలిగే ఒకరు దాన్ని గొంతుతో మనకు అందిస్తున్నారు. అతిథులకని ఆపి ఉంచే ముందు వరుస తీసేశాం, ధనవంతుడికి మంచి చోటు, పేదవాడికి కింద చోటు చూపించొద్దని చెప్పే యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదివాక దాన్ని ఉంచడానికి మనసొప్పలేదు.

సహాయం మన సభ్యులకే ఇవ్వాలా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు ఎవరికైనా వస్తుంది. కానీ 4వ శతాబ్దంలో క్రైస్తవులంటే గిట్టని రోమా చక్రవర్తి జూలియన్, వీళ్లు తమ పేదలతో పాటు మన పేదలను కూడా పోషిస్తున్నారని తన పూజారికి ఉత్తరంలో రాసుకోవాల్సి వచ్చింది. కాబట్టి అవసరం ఉన్నవాళ్లను ఏ మతమని అడగం, సాయం సంచి చేతికిచ్చేటప్పుడు ప్రసంగం చేయం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాపీ నోటీసు బోర్డులో ఉంది.

చేయలేకపోయింది ఒకటుంది. మంచం పట్టిన పెద్దవాళ్లను శనివారం పరామర్శించే జట్టు సగం ఏడాదికే పలచబడింది, కొందరు కిటికీ దగ్గర ఎదురు చూస్తూనే ఉండిపోయారు. వాళ్లకు క్షమాపణలు చెప్పుకున్నాం. మళ్లీ మొదలుపెడుతున్నాం, నెలకు ఒక్క శనివారం ఇవ్వగలిగినా చాలు. వాళ్లలో ఇద్దరు, మంచం మీద నుంచే ఫోన్లో మనకోసం ప్రార్థన చేస్తామని ముందుకొచ్చారు, మీ ప్రార్థన అవసరాలు వాళ్లకు చేరవేస్తాం. శనివారం జట్టులో చేరాలనుకునేవాళ్లు పేర్లు వచ్చే ఆదివారం లోపు కార్యదర్శికి ఇవ్వండి.