షోన్‌బీల్ హట్ దారిలో మా నాన్న చెయ్యి పట్టుకున్నవాళ్లకి

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఆగస్టు రెండో శనివారం స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ నుంచి షోన్‌బీల్ హట్‌కి (కొండెక్కేవాళ్లు రాత్రి బస చేసే చోటు) నడిచి వెళ్తుంటే దారిలో మాకు సాయం చేసినవాళ్లలో ఒక తెలుగబ్బాయి ఉన్నాడు, ఆ కంగారులో అతని పేరు కూడా అడగలేదు నేను. లోజాన్‌లో చదువుతున్నానని, భీమవరం దగ్గర ఊరని మాత్రం నాన్నతో చెప్పాడు. అతనికి చేరాలనే ఇది తెలుగులో రాస్తున్నాను, తెలిసినవాళ్లుంటే దయచేసి చూపించండి.

నేను జ్యూరిక్‌లో ఉంటాను. నాన్న జూలైలో విజయవాడ నుంచి వచ్చారు. ఆయనకి 66 ఏళ్లు, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పటికీ ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కే తిరుమల వెళ్తారు. మ్యాటర్‌హార్న్ కొండ చూపించాలంటే అందరిలా గోర్నర్‌గ్రాట్ రైలెక్కిద్దామనుకున్నాను. ఆయనేమో "రైల్లో కూర్చుని చూసేదేముందమ్మా, కాళ్లున్నాయి కదా, నడుద్దాం" అన్నారు. అందుకే త్స్ముట్ లోయ దారి ఎంచుకున్నాను. జెర్మాట్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటే హట్ 2,694 మీటర్ల మీద ఉంది. నాలుగు గంటల పైనే పట్టే నడక, కానీ చాలామటుకు నిదానంగా ఎక్కే దారే. రాళ్ల మీద తెలుపు ఎరుపు తెలుపు చారలు చూసుకుంటూ పోతే తప్పిపోయే భయం లేదు.

పొద్దున నడక ఎంత బాగుందో చెప్పలేను. త్స్ముట్ అనే చిన్న ఊళ్లో ఎండకి నల్లబడ్డ చెక్క ఇళ్లు, పైకప్పుకి రాతి పలకలు, ధాన్యం కొట్లకి కింద కాళ్లు పెట్టి ఆ కాళ్ల మీద గుండ్రటి రాళ్లు పరిచారు, ఎలుకలు ఎక్కకుండా. నాన్న అక్కడ పది నిమిషాలు నిలబడిపోయారు. ఆ ఊరు దాటి స్టాఫెల్ వైపు వెళ్లేసరికి మ్యాటర్‌హార్న్ ఉత్తరపు ముఖం సరిగ్గా నెత్తి మీదికొస్తుంది, పోస్టుకార్డుల్లో కనిపించే కొండేనా ఇది అనిపించేంత వేరుగా, నిట్టనిలువుగా. త్స్ముట్ హిమానీనదం మాత్రం తెల్లగా ఉండదు, పైనంతా రాళ్లూ మట్టీ కప్పేసి క్వారీలా ఉంటుంది. "మంచు ఏదమ్మా?" అని అడిగారు నాన్న, ఆ రాళ్ల కిందే ఉంది నాన్నా అన్నాను.

ఆ తర్వాత మొరైన్ మీదికొచ్చాం. హిమానీనదం ఎప్పుడో తోసుకొచ్చి గట్టులా పోసి వెళ్లిన రాళ్లమట్టి అది, దారి దాని పక్కనే, కొన్నిచోట్ల దాని అంచునే పోతుంది. అక్కడ నాన్న కుడి బూటు అడుగు ఊడిపోయింది. అంచు దగ్గర కొంచెం లేవడం కాదు, మడమ నుంచి వేళ్ల దాకా మొత్తం ఊడి వేలాడుతోంది. ఆ బూట్లు నా భర్తవి, మంచి కంపెనీవే, ఎనిమిదేళ్ల కిందట కొని సెల్లార్‌లో పెట్టేశాం, నాన్న సైజు సరిపోయిందని తీసిచ్చాను. పైకి కొత్తవాటిలా ఉన్నాయి. నాకు అప్పటిదాకా తెలియని సంగతేమిటంటే, ఇలాంటి బూట్ల అడుగుకీ పైభాగానికీ మధ్య ఉండే పాలియురెథేన్ పొర వాడకుండా పెట్టేసినా సరే గాల్లో తేమ పీల్చి ఏళ్ల తరబడి లోపల్లోపలే పాడవుతుంది, ఒకరోజు బిస్కెట్టులా పొడి అయిపోతుంది. దయచేసి మీ పాత బూట్లు ఇంట్లోనే ఓసారి చేత్తో వంచి, బొటనవేలితో మధ్యలో గట్టిగా నొక్కి చూడండి, పగుళ్లు కనిపిస్తే కొండకి వేసుకెళ్లకండి.

నాకు చేతులాడలేదు. హట్‌కి ఇంకా గంటన్నర, కిందికి దాదాపు మూడు గంటలు, ఇటలీ వైపు నుంచి మబ్బులు కమ్ముతున్నాయి. ఎనిమిదేళ్ల బూట్లిచ్చింది నేనే కదా అని ఏడుపొచ్చేసింది.

అప్పుడు వెనకనుంచి ఒక పెద్ద జంట వచ్చారు, ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి. పలకరింపు వినగానే బెర్న్ వాళ్లని తెలిసిపోయింది. ఆవిడ ఒక్క మాట కూడా అడగకుండా కింద కూర్చుని, తన చేతికర్రకి చుట్టి ఉంచుకున్న వెండిరంగు టేపు విప్పి, బూటు చుట్టూ ముందు అడ్డంగా, తర్వాత మడమ దగ్గర ఎనిమిది అంకెలా చుట్టింది. టేపు మీద టేపు జారకుండా పైన ఒక తాడు కట్టింది. ఆయన నాకు ధైర్యం చెబుతూ, అవసరమైతే హెలికాప్టర్ ఉంది, స్విట్జర్లాండ్‌లో మిగతాచోట్ల 1414 అయినా ఈ వాలే కాంటన్‌లో (ఇక్కడి రాష్ట్రం లాంటిది) మాత్రం 144కి ఫోన్ చేయాలి గుర్తుంచుకో, కానీ మీ నాన్న కాలు బాగానే ఉంది, మెల్లగా నడుద్దాం అన్నారు. నడవండి అనలేదు, నడుద్దాం అన్నారు. నిజంగానే ఆ క్షణం నుంచి వాళ్ల నడక ఆపుకుని మా నడకే నడిచారు.

ఇరవై నిమిషాలకి ఎడమ బూటు కూడా ఊడింది. ఒకేసారి కొన్న జత కదా, రెండూ ఒకేరోజు పోతాయట. టేపు అయిపోయింది. సరిగ్గా అప్పుడే పైనుంచి దిగుతూ వచ్చాడు ఈ అబ్బాయి. నేను నాన్నతో మాట్లాడేది విని ఆగి, "ఏమైందక్కా?" అన్నాడు. ఆ ఎత్తులో, ఆ రాళ్ల మధ్య ఆ మాట వినేసరికి నాకు ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు.

తన బ్యాగుకున్న పట్టీలు రెండు ఊడదీసి బూటుకి బిగించాడు. తర్వాత నాన్న బ్యాగు తను ముందుకి వేసుకుని "అంకుల్, నా చెయ్యి పట్టుకోండి, కాలు ఎక్కడ పెట్టాలో నేను చెప్తా" అని, అప్పుడే దిగొచ్చిన కొండ మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఆఖర్న హట్ కింద నిటారుగా మలుపులు తిరుగుతూ ఎక్కే భాగం ఉంది, చినుకులు పడ్డాయి, అక్కడ తన రెయిన్ జాకెట్ తీసి నాన్నకి తొడిగి తను తడిశాడు. "ఏ ఊరు బాబూ మనది?" అని నాన్న అడగడం, అతను పొలాల గురించి, చెరువుల గురించి చెప్పడం, ఆయాసపడుతూనే నాన్న ప్రశ్నల మీద ప్రశ్నలు వేయడం నాకు వెనకనుంచి వినిపిస్తూనే ఉంది. ఆయన భయం పోగొట్టడానికే అతను అంతలా మాట్లాడాడని నాకు తర్వాత తట్టింది. నాలుగున్నరకి హట్ చేరాం. అతను టీ కూడా పూర్తిగా తాగలేదు, చీకటి పడేలోపు జెర్మాట్ దిగి రైలు అందుకోవాలని వెళ్లిపోయాడు.

హట్ చూసుకునే ఆవిడకి కూడా మా కృతజ్ఞతలు. నాన్నకి లోపల వేసుకునే చెప్పులిచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ముందు వేడి సూప్ పెట్టింది. శాకాహారమని బుకింగ్‌లోనే చెప్పాం, అయినా వంటింట్లోంచి వచ్చి మళ్లీ అడిగి నిర్ధారించుకుంది. రాత్రి పదింటికి లైట్లు ఆర్పే ముందు నాన్న విజయవాడ నుంచి తెచ్చిన నువ్వులుండలు తీసి, బెర్న్ దంపతులకీ ఆవిడకీ మా గదిలో పడుకున్నవాళ్లందరికీ పంచారు. పొద్దున ఆవిడ ఎవరో ఎప్పుడో వదిలేసి వెళ్లిన బూట్లు వెతికి తెచ్చింది, ఒక సైజు పెద్దవి, రెండు జతల సాక్సులు వేస్తే సరిపోయాయి. డబ్బు తీసుకోలేదు. కింద ఊళ్లో తనకి తెలిసిన దుకాణంలో ఇచ్చేయమంది, ఇచ్చేశాం. బెర్న్ దంపతులు ఆ రోజు కూడా జెర్మాట్ దాకా మాతోనే దిగారు. వాళ్ల అడ్రసు తీసుకున్నాను, నాన్న ఇంగ్లిష్‌లో తన చేత్తో రాసిన ఉత్తరం సోమవారం పోస్ట్ చేశాను.

నీ అడ్రసే లేదు తమ్ముడూ. నాన్న వచ్చే నెల 12న తిరిగి విజయవాడ వెళ్తున్నారు, ఆలోపు ఒక్కసారి నిన్ను చూడాలని రోజూ అడుగుతున్నారు. జ్యూరిక్ రావడం నీకు వీలుకాకపోతే మేమే లోజాన్ వస్తాం, భోజనం వండుకుని తెస్తాం, గోంగూర పచ్చడి ఉంది. నీ నీలం జాకెట్ మా దగ్గరే ఉండిపోయింది, ఉతికి ఆరేసి మడతపెట్టి ఉంచాను. నీ బ్యాగు పట్టీలు రెండూ దాని జేబులోనే ఉన్నాయి.