రేవులో నా కెమెరా బ్యాగ్ తీసిచ్చిన పెద్దాయనకి

మీ పేరు అడగలేదండి, అదే ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోంది. ధనుర్మాసంలో ఆ రోజు పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు పడవ ఎక్కుతుంటే భుజం మీది బ్యాగ్ జారి గోదాట్లో పడిపోయింది, ఎదురుగా ఏం కనపడనంత మంచు, నేను కొయ్యబారిపోయి నిలబడితే మీరు పాల క్యాన్ల బండి అలాగే వదిలేసి పంచె ఎగ్గట్టి నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయారు. పైకి తెచ్చాక నేను కంగారులో కెమెరా ఆన్ చెయ్యబోతే "ఆగండి బాబూ, మా వాడి ఫోన్ అలాగే పోయింది, ముందు బ్యాటరీ తీసెయ్యండి" అని మీ తువ్వాలు కూడా ఇచ్చారు.

కెమెరా రిపేరుకెళ్ళింది, కార్డులు మాత్రం బతికాయి. వాటిలో నా ఏడాది మొత్తం ఉందండి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి కౌశిక నది దాటుతున్న దేవుడి ప్రభలు, ఎండాకాలం కాలువలకి నీళ్ళు కట్టేశాక మిగిలిన మడుగుల్లో చేపలు పట్టే పిల్లలు, వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర ఎర్రనీరు. ఇవన్నీ మళ్ళీ వస్తాయి, మళ్ళీ తీసుకోవచ్చు. కానీ మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తున్న ఫొటో ఒకటుంది, ఏదో లైటు బాగుందని ఊరికే నొక్కాను. సంక్రాంతికి ఆవిడ లేరు. ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉన్నది అదే.

చాలా చాలా థాంక్సండి. ఆ మంచులో బండి పక్కన తడి పంచెతో నిలబడ్డ మిమ్మల్ని ఫొటో తియ్యలేకపోయాను. మీ తువ్వాలు ఉతికి రేవు దగ్గర టీ కొట్లో ఇచ్చాను, అందులో నాయనమ్మ ఫొటో కాపీ ఒకటి పెట్టాను, తీసుకోండి.