మెదక్ చర్చిలో నా పక్కన కూర్చున్న అక్కకు వందనాలు

అక్కా, మీ పేరు, ఊరు నాకు తెలియవు. ఇది మీ కంట పడుతుందన్న ఆశతో రాస్తున్నాను.

నాన్న ప్రభువు దగ్గరకు వెళ్లినప్పటి నుంచి నాకు ప్రార్థన నోట రావడం లేదు. "విశ్వాసులు అలా ఏడవకూడదు" అని చాలామంది చెప్పారు. ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది.

మీరు అలా అనలేదు. ఆరాధన అయ్యాక బయట చెట్టు నీడకు తీసుకెళ్లి, "ముందు తినమ్మా" అంటూ టిఫిన్ డబ్బా మూతలోనే పులిహోర పెట్టి ఇచ్చారు. తింటున్నంతసేపూ ఏమీ అడగలేదు. తర్వాత బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీశారు. చావే మేలనుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు. దూతతో రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. సండే స్కూల్ నుంచీ విన్న కథే. అందులో దేవుడికి ఇంత ఓపిక ఉందని ఆ రోజే చూశాను.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ చర్చిని, కరువులో ఉన్న జనానికి పని, తిండి దొరకాలని కట్టించారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అలాంటి చోటే మీరు నా ఆకలి తీర్చారు.

మొన్న మా వీధిలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ ఇంటికి అన్నం, చారు తీసుకుని వెళ్లాను. వాక్యం తర్వాత చదువుకున్నాం. మీ ప్రార్థనల్లో ఆమెను కూడా జ్ఞాపకం చేసుకోండి అక్కా.