పదో తరగతి పిల్లకు లక్షన్నర అప్పు పిలుపు

సంపాదకులు గారికి,

నేను 34 ఏళ్లు గుంటూరులో ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరయిన పోస్ట్‌మన్ని. కవరు చేతికి రాగానే ముందు అడ్రసు, ఆ తర్వాతే పేరు చూడటం ఆ ఉద్యోగం అంటించిన అలవాటు. ఇప్పటికీ పోలేదు. ఈ లేఖ రాయడానికి కారణం కూడా ఆ అలవాటే.

పోయిన నెల మా మనవరాలి పేరు మీద ఒక కవరు వచ్చింది. పిల్లకు పదిహేనేళ్లు, పదో తరగతి చదువుతోంది. లోపల దళసరి కాగితం మీద ఇంగ్లీషు ఉత్తరం. మధ్యలో అచ్చం కార్డులా కత్తిరించి అంటించిన అట్టముక్క, దాని మీద పిల్ల పేరు. లక్షన్నర రూపాయల దాకా వాడుకునే క్రెడిట్ కార్డు ‘ప్రీ అప్రూవ్డ్’, అంటే ముందే మంజూరైపోయిందట, మొదటి ఏడాది ఫీజు లేదట. పేరుకు ముందు ‘శ్రీమతి’ కూడా తగిలించారు. ఇంట్లో ఒకటే నవ్వులు. “తాతయ్యా, ఇక నీకు డబ్బులు కావాలంటే నన్నడుగు” అంది. నేనూ నవ్వాను. తర్వాత అడ్రసు చూశాను.

బ్రాడీపేటలో అడ్రసు ఎలా రాస్తారో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు లైను, గీత కింద అడ్డరోడ్డు. మాది 4/14. కవరు మీద 14/4 అని ఉంది. ఇప్పుడు మా బీటు చూసే కుర్రాడు నన్నెరుగును కాబట్టి అది ఇల్లు చేరింది. ఆ తిరగబడ్డ అంకెలు నేను అంతకుముందే ఒకచోట చూశాను. కిందటేడు ఒక కోచింగ్ సంస్థ మనుషులు పిల్ల బడికి వచ్చి, స్కాలర్‌షిప్ పరీక్ష పెడతామని ఫారాలు పంచారు. పేరు, తరగతి, పుట్టినతేదీ, తండ్రి ఫోను, తండ్రి చేసే పని, ఇంటి అడ్రసు అన్నీ రాయమన్నారు. మా అబ్బాయే కూర్చుని నింపాడు. తర్వాత వచ్చిన హాల్ టికెట్ మీద ఇదే 14/4, ఇంటిపేరులో ఇదే అక్షరం ఎగిరిపోయి ఉంది. ఆధార్‌లో గాని, బడి రికార్డులో గాని, పిల్ల పాసుబుక్కులో గాని ఈ తప్పుల్లేవు. కోర్టులో రుజువు చేయమంటే నా వల్ల కాదు. కానీ ఒకే తప్పు రెండు కవర్ల మీద కనిపిస్తే రెండూ ఒకే జాబితా చూసి రాసినవని ఉత్తరాల సార్టింగులో నాలుగు రోజులు కూర్చున్నవాడు ఎవడైనా చెబుతాడు.

కవరు పట్టుకుని ఆ బ్యాంకు శాఖకు వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. “బాబాయ్ గారూ, ఇది సిస్టమ్ జనరేటెడ్. పాప అప్లై చేసినా పాన్, ఆధార్ చూసినప్పుడు వయసు తెలుస్తుంది కదా, అక్కడే రిజెక్ట్ అవుతుంది. చించి పారేయండి” అన్నాడు. “మరి పేరు మీకెవరిచ్చారు బాబూ?” అంటే, అది హెడ్డాఫీసు వాళ్లకే తెలియాలట.

రిజెక్ట్ అవుతుందన్న మాట నిజమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షను ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోవడానికి అర్హుడు కాడు. మా లైనులో ఉండే వకీలు గారు ఇంకో కథ కూడా చెప్పారు. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు కుర్రాడు 20,000 రూపాయలకు ఇల్లు తాకట్టు రాసిచ్చాడు. తగవు బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్తే, మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో తీర్పు వచ్చింది. ఆ లెక్కన మా పిల్లకు కార్డు ఇస్తే మునిగేది బ్యాంకే. ఇక నాకేం బాధ అని మా ఇంట్లోవాళ్లు కూడా అన్నారు.

నా బాధ ఆ జాబితా గురించి. ఆడపిల్ల పేరు, తరగతి, ఇల్లు, తండ్రి ఫోను కలిపి ఎవరి చేతుల్లోనో ఉన్నాయి. బ్యాంకుకు అమ్మినవాడు ఇంకొకడికి అమ్మడని ఏమిటి నమ్మకం? రేపు ఎవడో ఫోను చేసి “అమ్మా, మీకు కార్డు ఉత్తరం వచ్చింది కదా, ఓటీపీ చెప్పండి” అంటే, ఆ ఉత్తరాన్ని కళ్లారా చూసిన పిల్ల నమ్మదా? అట్టముక్కను మావాళ్లు చించేశారనుకున్నాను. మొన్న చూస్తే పిల్ల కంపాస్ బాక్సులో ఉంది. బడిలో అందరికీ చూపించిందట. విజయవాడలో ఇంటర్ చదువుతూ కానూరు హాస్టల్లో ఉండే పక్కింటి అబ్బాయికీ ఇలాంటిదే వచ్చిందని అప్పుడు తెలిసింది. తనకు వచ్చినందుకు అతను గర్వపడుతున్నాడు.

నిబంధనలు అసలు లేవనడం లేదు. అడగని కార్డు ఎవరికీ పంపకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. పంపి, మనం ఒప్పుకోకుండానే యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, ఆ బిల్లు రద్దు చేసి దానికి రెట్టింపు జరిమానా మనకే కట్టాలి. ఏజెంట్లు ఉదయం 10 నుంచి సాయంత్రం 7 లోపే మాట్లాడాలి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో చెప్పినప్పుడు కూడా, ఆ ఖాతాలో ఎప్పుడూ నిల్వ ఉండాల్సిందేనని షరతు పెట్టింది. అంటే మా పిల్ల తన ఖాతాలో రూపాయి కూడా మించి తీయకూడదు, లక్షన్నర అప్పుకు మాత్రం ఆహ్వానం రావచ్చు! చిక్కంతా ఇక్కడే ఉంది. కార్డు పంపితే తప్పు, కార్డు బొమ్మ అంటించిన కాగితం పంపితే అడిగే దిక్కు లేదు. అమ్మకాల ఫోన్ల బెడద ఆపించుకోవడానికి 1909 నంబరు ఉంది. పోస్టు డబ్బాకు అలాంటిదేమీ లేదు.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడిని అడిగాను. అక్కడ 2009లోనే చట్టం చేశారు. 21 ఏళ్లు నిండనివారు కార్డు కావాలంటే సొంత ఆదాయం చూపాలి, లేదా బాధ్యత తీసుకునే పెద్దవారి సంతకం ఉండాలి. జనం అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోల జాబితాల్లోంచి పేర్లు ఏరి పంపే ఆఫర్లు, ఆ వయసువాళ్లకు వాళ్లే సరేనంటే తప్ప పంపకూడదు. జాబితాలోంచి పేరు తీయించుకోవడానికి ఫోను నంబరు కూడా ఉందట. మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు పంపకూడదని, మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా అని అందులో రాశారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ ఈ బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఈలోపు ఇంకెన్ని బడుల్లో ఎన్ని ఫారాలు నింపిస్తారో.

అంతదాకా ఆగక్కర్లేని పనులున్నాయి. ప్రతి ఆఫరు ఉత్తరం కింద, ఈ పేరు మాకు ఫలానా చోటు నుంచి వచ్చిందని ఒక్క వాక్యం అచ్చు వేయమని రిజర్వు బ్యాంకు ఆదేశించవచ్చు. ఆ వాక్యం పడితే సగం జాబితాలు వాటంతటవే మాయమవుతాయి. జిల్లా విద్యాశాఖాధికారి తలచుకుంటే, బయటి సంస్థలు బడి ఆవరణలో పిల్లల వివరాలు రాయించుకోకుండా ఒక సర్క్యులర్‌తో ఆపించవచ్చు. పండగల ముందు విజయవాడ బీసెంట్ రోడ్డులో లక్కీ డ్రా డబ్బా కనిపిస్తే పిల్లలతో చీటీలు రాయించే మనల్ని ఎవరు ఆపాలో మాత్రం నాకు తోచడం లేదు. మా అబ్బాయిని తిట్టాను, వాడు ఒప్పుకున్నాడు.

పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని బ్యాంకు హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాను. రిజిస్టరు చేద్దామంటే 2025 సెప్టెంబరు 1 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, అది ఇంకో దిగులు. స్పీడ్ పోస్టులోనే పంపాను. ముట్టినట్టు రసీదు నా దగ్గరుంది. బదులివ్వడానికి బ్యాంకుకు ఉన్న ముప్పై రోజులు ఈ నెల 28తో పూర్తవుతాయి. బదులు రాకపోతే 29న ఆ కవరు, హాల్ టికెట్ జెరాక్సు, కంపాస్ బాక్సులోని అట్టముక్క మూడూ కలిపి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపుతాను. వచ్చింది కార్డు కాదు, కాగితమే కదా అంటారేమో. అననివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మన్,
బ్రాడీపేట, గుంటూరు